బ్లూ స్క్రీన్ వచ్చాక డంప్ ఫైల్ చదవడం ఎలా?

"బ్లూ స్క్రీన్ వస్తోంది, ఏం చేయమంటారు?" అని అడిగేవాళ్లు ఎక్కువగా స్క్రీన్ ఫోటో ఒకటి తీసి పంపుతారు. ఆ ఫోటోలో చాలాసార్లు ఉండేది స్టాప్ కోడ్ ఒక్కటే. ఏ రకం దెబ్బ తగిలిందో అది చెబుతుంది కానీ, ఎవరి వల్ల తగిలిందో చెప్పదు. ఆ సంగతి తెలిసే అవకాశం ఉన్నది ఒక్క చోటే: విండోస్ కెర్నెల్ (సిస్టమ్‌ని నడిపే లోపలి ముఖ్య భాగం) ఆగిపోతూ డిస్క్ మీద రాసిపెట్టిన మెమరీలో. దాన్నే డంప్ ఫైల్ అంటున్నాం.

షాపుకి తీసుకెళ్తే చాలాసార్లు "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. ర్యామ్ పాడైన సిస్టమ్‌కి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అదే స్క్రీన్ మళ్లీ వస్తుంది. డబ్బులు పోతాయి, ఫైళ్లు పోతాయి, సమస్య మాత్రం పోదు. డంప్ చదవడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఓపిగ్గా ఒక పద్ధతిలో చూడటం వస్తే చాలు.

ఇక్కడ కమాండ్లనీ ఫైల్ పేర్లనీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో 2025 నుంచి ఈ స్క్రీన్ నల్లగా వస్తోంది. రంగు మారినా లోపల జరిగేది అదే, కాబట్టి కింద చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది.

ముందుగా కావాల్సినవి

- విండోస్ 10 లేదా 11, అడ్మినిస్ట్రేటర్ ఖాతా.
- విన్‌డీబగ్ అనే డీబగ్గర్ (డంప్ ఫైల్ తెరిచి చదివే ప్రోగ్రామ్). మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది.
- ఇంటర్నెట్. సింబల్స్ (డంప్ చదవడానికి కావాల్సిన ఫైళ్లు, 5లో చెబుతాను) డౌన్‌లోడ్ కావాలి కాబట్టి మొదటిసారి కాస్త డేటా ఖర్చవుతుంది.
- సి డ్రైవ్‌లో ఖాళీ. 25 జీబీ పైన ఉంటే మంచిది, ఎందుకో కింద చెబుతాను.
- బిట్‌లాకర్ (డిస్క్‌ని లాక్ చేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ. సేఫ్ మోడ్‌కి (విండోస్‌ని కనీస భాగాలతో తెరవడం) వెళ్లాల్సి వస్తే అడగొచ్చు. ముందే రాసి పెట్టుకోండి.

క్రాష్ అవుతున్న సిస్టమ్‌లోనే చదవాలని లేదు. ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో సిస్టమ్‌లో తెరవొచ్చు. మాటిమాటికీ ఆగిపోయే సిస్టమ్ అయితే అలా చేయడమే నయం.

1. డంప్ రాసే సెట్టింగ్ సరిగ్గా ఉందో చూడండి

విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, "సిస్‌డీఎం.సీపీఎల్" అని కొట్టండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కండి. "రైట్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్" దగ్గర "ఆటోమేటిక్ మెమరీ డంప్" ఉండాలి. "నన్" అని ఉంటే ఇన్నాళ్లూ ఏ ఫైలూ రాయలేదన్నమాట.

"స్మాల్ మెమరీ డంప్" పెడితే చిన్న ఫైల్ మాత్రమే వస్తుంది. ఆగిపోయిన థ్రెడ్ స్టాక్ (అప్పుడు నడుస్తున్న పని ఏయే ప్రోగ్రామ్ భాగాల గుండా వచ్చిందో చెప్పే జాబితా), లోడైన డ్రైవర్ల (కెర్నెల్‌తో కలిసి నడుస్తూ పరికరాల్లాంటివాటిని పనిచేయించే ప్రోగ్రామ్‌లు) జాబితా లాంటివే అందులో ఉంటాయి. చాలా కేసులకు అది సరిపోతుంది, కానీ తీగ లాగుతూ లోపలికి వెళ్దామంటే మెమరీ ఉండదు. "కంప్లీట్" పెడితే ర్యామ్ అంత ఫైల్ వస్తుంది, ఇంట్లో వాడే సిస్టమ్‌కి అవసరం లేదు. ఆటోమేటిక్‌లో పెద్ద ఫైల్‌తో పాటు చిన్న మినీడంప్ కూడా వస్తుంది కాబట్టి నా సలహా అదే.

అక్కడే ఇంకో రెండు టిక్కులు చూడండి. "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" తీసేస్తే స్టాప్ కోడ్ స్క్రీన్ మీద నిలబడి ఉంటుంది, చదువుకోవచ్చు. ఎవరూ దగ్గర లేకుండా నడిచే సిస్టమ్ అయితే అలాగే ఉంచండి. రెండోది, డిస్క్‌లో చోటు తక్కువైనప్పుడు డంప్‌లను తీసేయకుండా ఆపే టిక్కు. ఇది పెట్టకపోతే, ఆఫీస్ డొమైన్‌లో (ఆఫీస్ ఐటీ వాళ్లు కలిపి నడిపే నెట్‌వర్క్) లేని సిస్టమ్‌లో ఖాళీ 25 జీబీ కంటే తగ్గినప్పుడు విండోస్ ఆ పెద్ద ఫైల్‌ని తనే తీసేస్తుంది. "నిన్న ఉంది, ఇవాళ లేదు" అనేవాళ్ల సమస్య చాలావరకు ఇదే.

హెచ్చరిక: క్రాష్ సమయంలో మెమరీ ముందు సి డ్రైవ్‌లోని పేజ్ ఫైల్‌లోకి (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) వెళ్తుంది. తర్వాత బూట్ అయ్యేటప్పుడు దాన్ని విడి ఫైల్‌గా మారుస్తారు. ఎస్‌ఎస్‌డీ ఎక్కువ కాలం వస్తుందని చెప్పే చిట్కాలు చూసి పేజ్ ఫైల్ ఆపేసినవాళ్లకు డంప్ రాదు. అదే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వర్చువల్ మెమరీని "సిస్టమ్ మేనేజ్‌డ్" చేసి రీస్టార్ట్ చేయండి.

2. కావాలంటే ఒక ఉత్తుత్తి క్రాష్ చేసి చూడండి

సెట్టింగ్ పనిచేస్తుందో లేదో అసలు క్రాష్ వచ్చేదాకా ఆగి తెలుసుకోవడం ఎందుకు? మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల "నాట్ మై ఫాల్ట్" అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. తెరిచి ఉన్నవన్నీ సేవ్ చేసి మూసేయండి. దాన్ని అడ్మిన్‌గా నడిపి, "హై ఐఆర్‌క్యూఎల్ ఫాల్ట్" ఎంచుకుని, క్రాష్ నొక్కండి. నిజం బ్లూ స్క్రీనే వస్తుంది. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఐటీ వాళ్లని అడగకుండా చేయొద్దు.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. జవాబు ముందే తెలిసిన డంప్ మీ చేతికొస్తుంది. డీబగ్గర్‌లో తెరిచినప్పుడు "మైఫాల్ట్" అనే డ్రైవర్ పేరు రావాలి. వచ్చిందంటే సెట్టింగ్, సింబల్స్, మీరు చదివిన పద్ధతి మూడూ సరిగ్గా ఉన్నట్టే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ మెట్టు దాటేయొద్దని గట్టిగా చెబుతాను.

3. స్క్రీన్ మీద శాతం నడుస్తుంటే పవర్ బటన్ నొక్కొద్దు

క్రాష్ స్క్రీన్ మీద సున్నా నుంచి పెరిగే ఆ శాతమే డంప్ రాస్తున్న గుర్తు. ఆ టెన్షన్‌లో బటన్ నొక్కి పట్టుకుంటే ఫైల్ సగంలో ఆగిపోతుంది, లేదా అసలు రాదు. నూరు దాకా ఆగండి. చాలాసేపు ఒకే అంకె దగ్గర నిలిచిపోతే ఇక చేసేదేం లేదు, ఆపేయండి. అలా నిలిచిపోవడం కూడా ఒక సూచనే. డంప్ రాయాల్సిన డిస్క్ గానీ దాని కంట్రోలర్ గానీ సరిగ్గా పలకడం లేదేమో చూడాలి.

4. ఫైల్ వెతికి, కాపీ తీసుకోండి

పెద్ద ఫైల్ విండోస్ ఫోల్డర్‌లో "మెమరీ.డీఎంపీ" పేరుతో ఉంటుంది. మళ్లీ క్రాష్ అయితే కొత్తది దాని మీదే రాసేస్తుంది. చిన్నవి విండోస్ లోపలి "మినీడంప్" ఫోల్డర్‌లో ఒక్కో క్రాష్‌కి ఒక్కోటి చొప్పున పోగవుతాయి. ఫైల్ పేరులో ముందు నెల, తర్వాత రోజు, తర్వాత సంవత్సరం ఉంటాయి. 071924తో మొదలైతే అది 2024 జూలై 19 నాటిది.

వాటిని డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచే తెరవండి. ఉన్నచోటే తెరవబోతే అనుమతి లేదనే ఎర్రర్ రావొచ్చు. చాలామంది అక్కడే "ఫైల్ పాడైంది" అనుకుని వదిలేస్తారు.

ఫైల్ అసలు లేకపోతే ఈవెంట్ వ్యూయర్ (సిస్టమ్‌లో జరిగినవాటి లాగ్ చూపించే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. అక్కడ ఒక్కో వరసకి ఒక పేరు, ఒక ఈవెంట్ నంబర్ ఉంటాయి.

- బగ్‌చెక్ పేరుతో 1001 ఉంటే: క్రాష్ నిజమే. స్టాప్ కోడ్, ఫైల్ ఎక్కడ దాచారో రెండూ అందులోనే రాసి ఉంటాయి. ఫైల్ అక్కడ లేదంటే తర్వాత ఎవరో తీసేశారు. డిస్క్ క్లీనప్‌లో "సిస్టమ్ ఎర్రర్ మెమరీ డంప్ ఫైల్స్" అని ఒక టిక్కు ఉంటుంది, ముందు దాన్ని అనుమానించండి.
- వాల్‌ఎంజీఆర్ పేరుతో 161 ఉంటే: డంప్ రాయబోయి విఫలమైంది. పేజ్ ఫైల్, డిస్క్ చూసుకోండి.
- కెర్నెల్-పవర్ 41 ఒక్కటే ఉండి, వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే: కెర్నెల్ క్రాష్ నమోదు కాలేదు. కరెంటు పోవడం, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) బలహీనపడటం, వేడెక్కి ఆగిపోవడం, సిస్టమ్ బిగుసుకుపోతే మీరే బటన్ నొక్కి ఆపడం, వీటిలో ఏదైనా కావచ్చు. రాసే సమయమే దొరకలేదు కాబట్టి డంప్ ఉండదు. దానికోసం వెతికి పొద్దు పుచ్చకుండా యూపీఎస్, వైరింగ్, ఫ్యాన్ చూడండి.

5. విన్‌డీబగ్‌లో తెరవండి

స్టోర్ నుంచి వేసుకున్న విన్‌డీబగ్‌ని అడ్మిన్‌గా తెరవండి. ఫైల్ మెనూలో "ఓపెన్ డంప్ ఫైల్" ఎంచుకుని మీ కాపీని చూపించండి. కింద కమాండ్ కొట్టే చోట "బిజీ" పోయి "కేడీ" అనే ప్రాంప్ట్ వచ్చేదాకా ఆగాలి. మొదటిసారి నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో మూసేయకండి.

సింబల్స్ అంటే మెమరీలోని అడ్రస్‌లను ఫంక్షన్ (ప్రోగ్రామ్‌లోని ఒక్కో భాగం) పేర్లుగా మార్చే ఫైళ్లు. కొత్త విన్‌డీబగ్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి వాటిని తనే తెచ్చుకుంటుంది. పాత డీబగ్గర్ వాడేవాళ్లు చుక్క పెట్టి "సిమ్‌ఫిక్స్" కొట్టి, తర్వాత చుక్క పెట్టి "రీలోడ్" కొట్టాలి.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. కెర్నెల్ సింబల్సే తప్పు అని వస్తే ఆ తర్వాత చూపించేది ఏదీ నమ్మొద్దు. ముందు ఇంటర్నెట్, ఫైర్‌వాల్ సరిచేసుకుని మళ్లీ తెరవండి. అదే బయటి కంపెనీ డ్రైవర్‌కి "టైమ్‌స్టాంప్ సరిచూడలేకపోయాం" అని వస్తే కంగారు పడకండి. ఆ కంపెనీలు తమ సింబల్స్ బయటపెట్టవు కాబట్టి అలా రావడం మామూలే.

6. అసలు కమాండ్ ఒక్కటే

ఆశ్చర్యార్థకం గుర్తు, దానికి ఆనుకుని "అనలైజ్", ఒక స్పేస్, మైనస్, "వి". ఎంటర్ కొట్టి ఆగండి. పొడుగ్గా అక్షరాలు వచ్చి పడతాయి. అన్నీ చదవక్కర్లేదు, ఈ వరసలో చూడండి.

మొదట స్టాప్ కోడ్, దాని కింద నాలుగు ఆర్గ్యుమెంట్లు (కోడ్‌తో పాటు వచ్చే అదనపు అంకెలు). ఒక్కోదాని పక్కన అర్థం కూడా రాసి ఉంటుంది. ఒకే కోడ్ వెనక వేర్వేరు కథలు ఉంటాయి, తేడా తెలిసేది ఈ ఆర్గ్యుమెంట్లతోనే.

తర్వాత "ప్రాసెస్ నేమ్". ఆ క్షణంలో ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో చెబుతుంది, అంతే. అక్కడ క్రోమ్ అని ఉంటే క్రోమ్ తీసేయడం, గేమ్ పేరు ఉంటే గేమ్ తీసేయడం చాలామంది చేసే పొరపాటు. మామూలు ప్రోగ్రామ్ కెర్నెల్‌ని నేరుగా పడేయలేదు. అది పిలిచిన డ్రైవర్ పడేస్తుంది.

తర్వాత "మాడ్యూల్ నేమ్", "ఇమేజ్ నేమ్". డీబగ్గర్ అనుమానించిన పేరు ఇది. అనుమానమే, తీర్పు కాదు.

అన్నిటికంటే ఎక్కువ సేపు చూడాల్సింది "స్టాక్ టెక్స్ట్". పై వరస చివరగా జరిగింది, కిందికి వెళ్లేకొద్దీ అంతకు ముందు జరిగినవి. పైన "కేఈ బగ్‌చెక్ ఈఎక్స్", "కేఐ పేజ్‌ఫాల్ట్" లాంటివి క్రాష్ ప్రకటించే కెర్నెల్ ఫంక్షన్లు, వాటిని దాటేయండి. ఆ కింద "ఎన్‌టీ"తో (డీబగ్గర్‌లో కెర్నెల్ పేరు) మొదలవని పేర్లు ఏమున్నాయో చూడండి. పేరు పక్కన ఫంక్షన్ లేకుండా ప్లస్ గుర్తు, ఒక అంకె మాత్రమే ఉన్న వరసలు బయటి డ్రైవర్లవి. మీ అసలు అనుమానితులు వాళ్లే.

7. "ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అని వచ్చింది, విండోస్ పాడైందా?"

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు: సాధారణంగా కాదు. అది కెర్నెల్ ఫైల్ పేరు. ఏదో డ్రైవర్ మెమరీలో తనది కాని చోట రాసి వెళ్లిపోతుంది. కాసేపటికి కెర్నెల్ ఆ చోటుకి వచ్చి పడిపోతుంది. రోడ్డు తవ్వి పూడ్చకుండా వెళ్లినవాడు ఒకడు, గుంతలో పడ్డవాడు ఇంకొకడు. డంప్‌లో ముందు కనిపించేది పడ్డవాడి పేరు.

అందుకే ఒక్క డంప్ చూసి నిర్ణయానికి రావొద్దు. మినీడంప్ ఫోల్డర్‌లో ఎన్ని ఉంటే అన్నీ తెరవండి. తేదీ, స్టాప్ కోడ్, మొదటి ఆర్గ్యుమెంట్, స్టాక్‌లో కనిపించిన బయటి డ్రైవర్లు, ఈ నాలుగూ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. ఆ కాగితం చూస్తే రెండు రకాల్లో ఒకటి కనిపిస్తుంది.

కోడ్ మారినా స్టాక్‌లో అదే డ్రైవర్ మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని గట్టిగా పట్టుకోండి. అలా కాకుండా ప్రతిసారీ కొత్త కోడ్, కొత్త పేరు, ఒకరోజు 1ఏ, ఇంకోరోజు 50, మర్నాడు 3బీ అని వస్తుంటే ర్యామ్‌ని అనుమానించాలి. ఇమేజ్ నేమ్ దగ్గర "మెమరీ కరప్షన్" అని రావడం కూడా ఇదే దారి చూపిస్తుంది.

ఒక్క డంప్‌తోనే తేలిపోయే కేసులూ ఉంటాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కేసింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో అందరూ చూసే ఉంటారు, అది ఆ రోజుదే. ఆ క్రాష్ స్టాప్ కోడ్ 50. స్టాక్‌లో కెర్నెల్ ఫంక్షన్ల కిందనే ఆ కంపెనీ "సీఎస్‌ఏజెంట్" డ్రైవర్ స్పష్టంగా కనిపించేది. కానీ ఆ డ్రైవర్ ఎందుకు తప్పు చోట చదివిందో డంప్ చూసిన బయటివాళ్లకు పూర్తిగా తెలిసే వీల్లేదు. 20 విలువలు ఇచ్చిన చోట 21వది చదవబోయిందని తర్వాత ఆ కంపెనీ విచారణలోనే తేలింది. మన పరిమితి కూడా అక్కడిదాకే. ఏ డ్రైవరో మనం పట్టుకోగలం, ఎందుకో చెప్పాల్సింది దాన్ని రాసినవాళ్లు.

8. తరచూ వచ్చే కోడ్‌లు, వాటితో ఏం చేయాలి

డీ1, 0ఏ: డ్రైవర్ ముట్టకూడని సమయంలో ముట్టకూడని మెమరీని ముట్టుకుంది. డీ1 అయితే స్టాక్‌లో పేరు దొరికే అవకాశం బాగుంటుంది. నెట్‌వర్క్, వైఫై, యాంటీవైరస్, వీపీఎన్ డ్రైవర్లు ముందు చూడండి.

9ఎఫ్: ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో వస్తుంది. మొదటి ఆర్గ్యుమెంట్ 3 అయితే ఏదో పరికరం తనకిచ్చిన పని ముగించకుండా పట్టుకుని కూర్చుంది. నాలుగో ఆర్గ్యుమెంట్ అంకె కాపీ చేసి, ఆశ్చర్యార్థకం గుర్తుతో "ఐఆర్‌పీ" కొట్టి, పక్కన ఆ అంకె పెట్టండి. ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో కనిపిస్తుంది. మినీడంప్‌లో ఇది పనిచేయకపోవచ్చు, పెద్ద ఫైల్ తెరవండి.

116: గ్రాఫిక్స్ కార్డ్ సమయానికి పలకలేదు. "ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం" అంటే ఎన్‌విడియా డ్రైవర్. డ్రైవర్ మార్చినా రావడం ఆగకపోతే వేడి, కార్డ్, పవర్ సప్లై వైపు వెళ్లాలి.

124: హార్డ్‌వేరే తన తప్పు తను చెప్పుకున్న కోడ్. ఇక్కడ ఇమేజ్ నేమ్ దగ్గర "జెన్యూన్‌ఇంటెల్" అనో "ఆథెంటిక్‌ఏఎండీ" అనో వస్తుంది. ఆ పేరుతో డ్రైవర్ కోసం నెట్‌లో వెతికేవాళ్లున్నారు. అది డ్రైవర్ కాదు, ప్రాసెసర్ కంపెనీ పేరు. ఆశ్చర్యార్థకం గుర్తుతో "ఎర్‌రెక్" (స్పెల్లింగ్‌లో మూడు ఆర్‌లు వరసగా ఉంటాయి) కొట్టి, పక్కన రెండో ఆర్గ్యుమెంట్ అంకె ఇస్తే ఏ భాగంలో తప్పు నమోదైందో చూపిస్తుంది. ఓవర్‌క్లాక్ చేసి (ప్రాసెసర్ వేగం మామూలు కంటే పెంచి) ఉంటే తీసేయండి, బయోస్ (మదర్‌బోర్డ్ సొంత సాఫ్ట్‌వేర్) మామూలు సెట్టింగ్స్‌కి తెండి, కూలింగ్ చూడండి.

1ఏ: మెమరీ లెక్కలు చెడ్డాయి. మొదటి ఆర్గ్యుమెంట్ 41792 అని వస్తే నేను మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ర్యామ్ పరీక్షిస్తాను.

9. అనుమానితుడి వివరాలు తీయండి

"ఎల్‌ఎంవీఎం" కొట్టి, స్పేస్ ఇచ్చి, డ్రైవర్ పేరు రాయండి. ఫైల్ ఎక్కడుందో, ఎప్పటిదో వస్తుంది. సంవత్సరాల పాతదైతే అనుమానం బలపడినట్టే. విండోస్ సొంత ఫైళ్లకు తేదీ బదులు "రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ హ్యాష్" అని కనిపిస్తుంది. అది తేదీ కాదు, దాన్ని చూసి ఫైల్ నకిలీదేమో అనుకోకండి. మినీడంప్‌లో కొన్ని వివరాలు ఖాళీగా ఉండొచ్చు. అప్పుడు సిస్టమ్32 లోపలి డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి.

10. సరిచేయండి, ఒక్కసారికి ఒక్కటే

డ్రైవర్ అయితే ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డ్ కంపెనీ సైట్ నుంచే కొత్తది వేయండి. క్రాష్‌లు అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో "రోల్ బ్యాక్" చేయండి. డ్రైవర్లన్నీ మార్చేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. ఒకేసారి పది మారితే ఏది పనిచేసిందో ఇక ఎప్పటికీ తెలియదు.

ర్యామ్ అయితే విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్‌తో మొదలుపెట్టండి. అది ఏమీ లేదన్నా నమ్మి వదిలేయకుండా మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎర్రరే. రెండు స్టిక్‌లుంటే ఒక్కోటి విడిగా పెట్టి పరీక్షిస్తే ఏది పాడైందో తెలుస్తుంది.

ఎంత చూసినా పేరు దొరక్కపోతే డ్రైవర్ వెరిఫైయర్ ఉంది. తప్పు చేసిన డ్రైవర్‌ని అక్కడికక్కడే పట్టుకుని సిస్టమ్‌ని కావాలనే క్రాష్ చేస్తుంది. మైక్రోసాఫ్ట్‌వి వదిలేసి బయటి డ్రైవర్లను మాత్రమే ఎంచుకోండి. ముందు రీస్టోర్ పాయింట్, ఫైళ్ల బ్యాకప్ తప్పనిసరి. బూట్ కాకుండా తిరుగుతూ ఉండిపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్‌లో "వెరిఫైయర్", స్పేస్, స్లాష్, "రీసెట్" కొట్టి రీస్టార్ట్ చేయండి. ఈ కమాండ్ ముందే కాగితం మీద రాసుకోకుండా వెరిఫైయర్ మొదలుపెట్టొద్దు. పని అయ్యాక కూడా ఇదే కమాండ్‌తో ఆపాలి, లేకపోతే సిస్టమ్ నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది.

11. నిజంగా పోయిందా?

ఒకరోజు క్రాష్ రాలేదని సంబరపడకండి. రోజూ వచ్చేదైతే వారం చూడండి, వారానికోసారి వచ్చేదైతే నెల చూడండి. ఏ పని చేస్తున్నప్పుడు వచ్చేదో ఆ పనే కావాలని చేయండి. 9ఎఫ్ అయితే మూత పదేపదే మూసి తెరవండి, 116 అయితే గేమ్ ఆడండి. ఈవెంట్ వ్యూయర్‌లో కొత్త 1001 లేకపోవడం, మినీడంప్ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పడకపోవడం, రెండూ సరిచూసుకోండి. మళ్లీ వస్తే పాత కాగితం మీదే ఇంకో వరస రాయండి. ఈసారి డ్రైవర్ పేరు మారిందంటే మొదటి సమస్య తీరి రెండోది బయటపడి ఉండొచ్చు.

వేరేవాళ్ల సాయం అడిగే ముందు

పెద్ద డంప్ ఫైల్‌ని ఎవరికి పడితే వాళ్లకి పంపొద్దు. అందులో ఉన్నది మీ సిస్టమ్ మెమరీ. పాస్‌వర్డ్‌లు, ఎన్‌క్రిప్షన్ కీలు, తెరిచి ఉన్న ఫైళ్ల ముక్కలు ఉండే వీలుంది. సాయం అడగాలంటే అనలైజ్ కమాండ్ ఇచ్చిన అక్షరాలు కాపీ చేసి, అందులో మీ యూజర్ పేరు, సిస్టమ్ పేరు తీసేసి పంపండి. ఫైలే కావాలంటే మినీడంప్ చాలు, అదీ నమ్మకమైనవాళ్లకే. వారంటీలో ఉన్న సిస్టమ్ అయితే సర్వీస్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు 124 కోడ్ వచ్చిన తేదీల జాబితా, ర్యామ్ టెస్ట్ ఎర్రర్ ఫోటో ప్రింట్ తీసుకెళ్లండి. ఫార్మాట్ చేసి చూద్దామని వాళ్లంటే ముందు ఆ కాగితాలు చూపించి, హార్డ్‌వేర్ పరీక్ష చేయమని అడగండి.